గీజరుకో గార... పంటికో గార!
వేడి నీటి రసాయనం నేర్పుతున్న పాఠం

మేడ్చల్: చలికాలపు తెల్లవారుజామున చెరువు నీటిలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. అదే సమయంలో పొలం గట్టున బోరు మోటారు వేస్తే గొట్టం నుంచి గోరువెచ్చని నీరు దూకుతుంది. దాని మీద సన్నని ఆవిరి కూడా లేస్తుంది. నడి వేసవిలో అదే బోరు నీరు ఒంటికి చల్లగా తగులుతుంది. మేడ్చల్, శామీర్‌పేట మండలాల రైతులకు ఇది ఏటా అనుభవమే. భూమి లోపల నిప్పు ఉన్నందువల్లే నీరు వేడెక్కుతోందని పల్లెల్లో చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంలో కొంత నిజముంది. అయితే మన బోరు నీటి వెచ్చదనానికి కారణం అది కాదు.

భూమి పైపొర పగలు కాగుతుంది, రాత్రి చల్లారుతుంది. పది, పదిహేను మీటర్లు కిందికి దిగితే ఆ హెచ్చుతగ్గులు చేరవు. ఆ ప్రాంతపు సంవత్సర సగటు ఉష్ణోగ్రత ఎంతో, అక్కడి నేల, నీరు ఏడాది పొడవునా దాదాపు అంతే వేడితో ఉంటాయి. హైదరాబాద్ పరిసరాల్లో అది 26, 27 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. బయట గాలి 12 డిగ్రీలకు పడిపోయిన వేళ 27 డిగ్రీల నీరు వెచ్చగానూ, 42 డిగ్రీల ఎండలో అదే నీరు చల్లగానూ తోస్తుంది. మారుతున్నది నీరు కాదు, మన ఒళ్లు.

అసలైన భూతాపం ఇంకా లోతున మొదలవుతుంది. ప్రపంచ సగటున కిలోమీటరు లోతుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. మన ప్రాంతంలోని నల్లసేనపు, బూడిదరంగు రాళ్లు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైట్లు. అంత పాత రాతి నేలల్లో ఈ పెరుగుదల సగటు కన్నా తక్కువ. వెయ్యి అడుగుల బోరు వేసినా అదనంగా దొరికేది కొద్ది డిగ్రీలే. అందుకే మేడ్చల్‌లో వేడి నీటి ఊటలు లేవు.

వేడి నీరు లేని చోట వేడి నీటి రసాయనం గురించి ఎందుకు తెలుసుకోవాలన్న ప్రశ్న సహజం. ఊళ్లకు ఊళ్లనే వెచ్చబరిచే వేడి నీటిలో జరిగే మార్పులే మన స్నానాల గదిలోని గీజరులోనూ జరుగుతున్నాయి. వాటిలో ఒకటి మన పిల్లల పళ్లను, ఎముకలను కూడా తాకుతోంది. అక్కడి అనుభవం తెలిస్తే ఇక్కడి పొరపాటు తెలుస్తుంది.

మణుగూరులో వేడి నీటి బోర్లు

రాష్ట్రంలో నిజమైన భూతాప జలాలు చూడాలంటే ఇక్కడి నుంచి సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని గోదావరి లోయకు వెళ్లాలి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాల కోసం వేసిన అన్వేషణ బోర్లలో వేడి నీరు పైకి తన్నుకొచ్చింది. మణుగూరు సమీపంలోని పగిడేరు గ్రామం ఇలాంటి బోరుకే పేరుపొందింది. మోటారు అక్కర లేకుండానే అక్కడ వేడి నీరు ఉబికి వస్తుంది.

లోయ అంచుల్లో కురిసిన వాన నీరు ఇసుకరాతి పొరల గుండా, నేల చీలికల గుండా చాలా లోతుకు ఇంకుతుంది. అక్కడి వేడిని గ్రహించి, పైనున్న నీటి ఒత్తిడి తోసుకురాగా మరో చీలిక వెంట పైకి వస్తుంది. అగ్నిపర్వతంతో దానికి సంబంధం లేదు. మరిగే స్థాయికి చేరని ఇలాంటి నీటిని శాస్త్రజ్ఞులు అల్ప ఉష్ణోగ్రత భూతాప జలాలుగా లెక్కిస్తారు.

ఆ వేడితోనే సింగరేణి సంస్థ మణుగూరులో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని 2020వ దశకం తొలి ఏళ్లలో నెలకొల్పింది. నీటి వేడి ఆవిరి యంత్రాన్ని తిప్పేంత లేదు. కాబట్టి తక్కువ వేడికే ఆవిరయ్యే మరో ద్రవానికి ఆ వేడిని అందించి, దాని ఆవిరితో యంత్రాన్ని తిప్పుతారు. వేడి నీరు, ఆ ద్రవం ఎక్కడా కలవవు. మధ్యలో లోహపు గోడ ఉంటుంది. గోడ ఇవతలి నుంచి అవతలికి దాటేది వేడి మాత్రమే.

దేశవ్యాప్తంగా ఇలాంటి 381 ప్రాంతాలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ గుర్తించింది. 2025 సెప్టెంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ భూతాప ఇంధన విధానంలో విద్యుత్తుతో పాటు ఇళ్లను వెచ్చబరచడం, చల్లబరచడం, వ్యవసాయ అవసరాలకు నేరుగా వాడుకోవడం కూడా ఉన్నాయి. అయితే ఏ ఊటనైనా వాడుకునే ముందు వేడి ఎంత అన్న ప్రశ్నతో పాటు, ఆ నీటిలో ఏం కరిగి ఉంది అన్నది కూడా తేల్చుకోవాల్సి ఉంటుంది.

రాయి నుంచి నీటిలోకి

వాన నీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు రాతిని నెమ్మదిగా కరిగిస్తుంది. గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ నుంచి సోడియం, కాల్షియం, సిలికా నీటిలోకి వస్తాయి. నల్లగా మెరిసే అభ్రకం, అపటైట్ అనే ఖనిజం ఫ్లోరైడును ఇస్తాయి. నీరు ఎంత వేడిగా ఉంటే, ఎంత ఎక్కువ కాలం రాతితో కలిసి ఉంటే అంత ఎక్కువగా ఈ పదార్థాలు కరుగుతాయి. గ్రానైట్ గుండా వచ్చే వేడి ఊటల్లో ఫ్లోరైడు ఎక్కువగా ఉండటానికి కారణమిదే. పశ్చిమ బెంగాల్‌లోని బక్రేశ్వర్ వేడి ఊటల్లో అది తాగునీటి పరిమితికి అనేక రెట్లు ఉంది.

కరిగిన సిలికాను బట్టి నీరు కింద ఎంత వేడిని చూసి వచ్చిందో కూడా అంచనా కట్టవచ్చు. స్ఫటిక రాయి 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 6 మిల్లీగ్రాములు కరుగుతుంది. 100 డిగ్రీల వద్ద సుమారు 50 మిల్లీగ్రాములు, 200 డిగ్రీల వద్ద 260 మిల్లీగ్రాములకు పైగా కరుగుతుంది. పైకి వచ్చేటప్పుడు నీరు త్వరగా చల్లారినా సిలికా అంత త్వరగా పేరుకోదు. కాబట్టి పైన నీటిని పరీక్షిస్తే లోతున ఉన్న వేడి లెక్కకు వస్తుంది. ఈ లెక్క వేడి ఊటలకే సరిపోతుంది. మన చల్లని బోరు నీటిలోనూ ఫెల్డ్‌స్పార్ శిథిలమవడం వల్ల సిలికా ఎక్కువగానే ఉంటుంది. దాన్ని చూసి కింద కొలిమి ఉందనుకోరాదు.

రెక్యావిక్ నేర్చుకున్నది

నీటి రసాయనాన్ని చదవడంలో ప్రపంచానికి దారి చూపింది ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్. ఒకప్పుడు అక్కడి స్త్రీలు బట్టలుతుక్కున్న వేడి ఊటల దగ్గర బోర్లు వేసి, 1930లో సుమారు మూడు కిలోమీటర్ల గొట్టం ద్వారా ఆ నీటిని ఒక పాఠశాలకు, ఆసుపత్రికి, కొన్ని పదుల ఇళ్లకు అందించారు. నేడు ఆ దేశంలో పదింట తొమ్మిది ఇళ్లు భూతాపంతోనే వెచ్చబడుతున్నాయి. డీల్దార్‌తుంగుక్వేర్ ఊట నుంచి అక్రానెస్ పట్టణానికి 64 కిలోమీటర్ల మేర వేడి నీరు గొట్టాల్లో ప్రయాణిస్తుంది.

రెక్యావిక్ అల్ప ఉష్ణోగ్రత జలాల్లో లవణాలు చాలా తక్కువ. నీరు క్షారగుణం కలిగి, పీహెచ్ విలువ 9.5 ప్రాంతంలో ఉంటుంది. అందులో స్వల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఆ నీటితో స్నానం చేస్తే వెండి నగలు నల్లబడతాయి. అయినా ఆ వాయువు ఒక మేలు చేస్తుంది. గొట్టంలోకి దూరిన ఆక్సిజన్‌ను అది ముందుగా పట్టేసుకుంటుంది. ఆక్సిజన్ లేకపోతే ఇనుము తుప్పు పట్టదు. అందుకే మామూలు ఉక్కు గొట్టాలు అక్కడ దశాబ్దాల తరబడి నిలిచాయి.

1990లో అదే నగరానికి నెస్యావెల్లిర్ కేంద్రం నుంచి మరో రకం వేడి నీరు వచ్చింది. అది మంచి చల్లని భూగర్భ జలాన్ని భూతాప ఆవిరితో వేడి చేసి, ఆక్సిజన్ తొలగించి పంపిన నీరు. రెండూ విడివిడిగా శుభ్రమైన నీళ్లే. కానీ మంచినీటిలో మెగ్నీషియం ఉంటుంది. భూతాప జలంలో సిలికా, క్షారగుణం ఉంటాయి. రెండూ కలిస్తే మెగ్నీషియం సిలికేట్ ఏర్పడి గొట్టాల్లో గట్టిగా పేరుకుంటుంది. అందుకే ఆ రెండు నీళ్లనూ నగరంలో వేర్వేరు ప్రాంతాలకు పంపుతారు. రెండు మంచి నీళ్లు కలిస్తే మంచి నీరే వస్తుందన్న నమ్మకం రసాయనం ముందు నిలవలేదు.

పారిస్‌లో తుప్పు

ఫ్రాన్స్ రాజధాని పారిస్ చుట్టుపక్కల పరిస్థితి వేరు. అక్కడ ఒకటిన్నర నుంచి రెండు కిలోమీటర్ల లోతున సున్నపురాతి పొరల్లో 55 నుంచి 85 డిగ్రీల వేడి నీరుంది. 1969లో మెలూన్ పట్టణంలో దానితో ఇళ్లను వెచ్చబరచడం ప్రారంభించారు. ఆ నీరు చాలాచోట్ల ఉప్పన. కొన్నిచోట్ల లీటరుకు 30 గ్రాములకు పైగా లవణాలున్నాయి. అది దాదాపు సముద్రపు నీటితో సమానం. ఆ నీటిని వాడుకున్నాక వాగులో వదిలితే వాగు పాడవుతుంది. అందుకే ఒక బోరుతో పైకి తోడి, వేడిని మాత్రం లోహపు పలకల ద్వారా గ్రహించి, చల్లబడిన నీటిని రెండో బోరు గుండా అదే పొరలోకి తిరిగి పంపే పద్ధతి అక్కడ రూపుదిద్దుకుంది.

1980లలో ఆ బోర్లను తుప్పు పీడించింది. ఉప్పు నీరు, బొగ్గుపులుసు వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసి ఉక్కు గొట్టాలను తిన్నాయి. కరిగిన ఇనుము సల్ఫైడుతో కలిసి నల్లని ముద్దగా మళ్లీ అదే గొట్టాలను పూడ్చింది. కొన్ని కేంద్రాలు మూతపడ్డాయి. తర్వాత బోరు అడుగుకే తుప్పు నిరోధక రసాయనాలు పంపడం, వేడిని గ్రహించే పలకలకు టైటానియం వాడటం వల్ల మిగిలినవి నిలదొక్కుకున్నాయి. రెక్యావిక్‌లో గొట్టాన్ని కాపాడిన హైడ్రోజన్ సల్ఫైడే పారిస్‌లో గొట్టాన్ని తినడంలో పాలు పంచుకుంది. తేడా వాయువులో లేదు, అది కరిగిన నీటిలో ఉంది.

మన గీజరులో జరిగేది

ఇక మన ఇంటికి వద్దాం. బోరు నీరు కాచిన గిన్నెకు, గీజరు కడ్డీకి తెల్లని గార పట్టడం ఈ మండలాల్లో ప్రతి ఇల్లాలికీ తెలిసిన విషయం. నీటిలో కాల్షియం బైకార్బనేటు రూపంలో కరిగి ఉంటుంది. నీరు వేడెక్కగానే అందులోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతుంది. మిగిలిన కాల్షియం కార్బనేటు, అంటే సున్నపురాయి పదార్థమే, కరిగి ఉండలేక ఎక్కువ వేడిగా ఉన్న చోట అంటుకుంటుంది. గీజరులో అన్నిటికన్నా వేడిగా ఉండేది కడ్డీయే కాబట్టి ముందు దానికే పడుతుంది. పొర మందమయ్యేకొద్దీ వేడి నీటికి అందడం ఆలస్యమవుతుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది. చివరకు కడ్డీ కాలిపోతుంది.

సిలికా తీరు దీనికి విరుద్ధం. అది వేడిలో కరుగుతుంది, చల్లారితే పేరుకుంటుంది. భూతాప కేంద్రాల నిర్వాహకులు ఈ రెంటి మధ్య నడవాల్సి ఉంటుంది. ఒత్తిడి తగ్గి వాయువు పోతే సున్నం పడుతుంది. మరీ చల్లబరిస్తే సిలికా పడుతుంది.

గార పట్టకపోతే మంచి నీరేనా?

గిన్నెకు గార పట్టని, సబ్బు బాగా నురగ వచ్చే, పప్పు త్వరగా ఉడికే నీటిని మనం మంచి నీరంటాం. పప్పు ఉడకని నీటిని ఉప్పు నీరని పక్కన పెడతాం. ఈ కొలమానం వంటకు సరిపోతుంది. ఆరోగ్యానికి సరిపోదు.

కాల్షియం, ఫ్లోరైడు ఒకే నీటిలో ఎక్కువ మోతాదులో ఇమడలేవు. రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడుగా మారి అడుగున దిగిపోతాయి. నీటిలో కాల్షియం ఉన్నంత వరకు ఫ్లోరైడు పెరుగుదలకు ఒక కళ్లెం ఉంటుంది. నేలలోని బంకమట్టి కాల్షియాన్ని తీసుకొని సోడియాన్ని వదిలినా, సున్నం నేలలోనే పేరుకుపోయినా ఆ కళ్లెం ఊడిపోతుంది. ఫ్లోరైడు పెరుగుతూ పోతుంది. అలాంటి నీరు తేలిక నీరు. చేతికి జారుడుగా తగులుతుంది. గార పట్టదు. తినే సోడా కలిపినట్లు పప్పు ఇట్టే ఉడుకుతుంది. గిన్నెకు గార పట్టని నీరే పిల్లల పంటికి గార పట్టించే అవకాశం ఉందన్నమాట. గారపళ్లు అని మన పెద్దలు పిలిచే పసుపు, గోధుమ మచ్చలు ఈ ఫ్లోరైడు గుర్తులే. మోతాదు పెరిగి ఏళ్లు గడిస్తే కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముకలు వంగుతాయి. గార పట్టే నీటిలో ఫ్లోరైడు ఉండదనీ దీని అర్థం కాదు. అందులోనూ పరిమితి దాటవచ్చు. గారను చూసి ఫ్లోరైడు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం.

తెలుగు నేలకు ఈ జబ్బు కొత్త కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి ప్రకటించారు. నల్గొండ గ్రామాల వెతలు దేశానికంతా తెలుసు. పటిక, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే నీరి సంస్థ విధానానికి నల్గొండ పేరే స్థిరపడింది.

హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం గ్రానైట్ నేలల్లో ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్స్ భూగర్భ సర్వేక్షణ సంస్థ కలిసి ఏళ్ల తరబడి అధ్యయనం చేశాయి. బోరు నీటిని తోడి వరికి పెట్టడం, అది ఆవిరి కాగా మిగిలినది మళ్లీ నేలలోకి ఇంకడం, దాన్నే తిరిగి తోడటం వల్ల లవణాలతో పాటు ఫ్లోరైడు కూడా చిక్కబడుతోందని ఆ అధ్యయనాలు తేల్చాయి. మేడ్చల్, శామీర్‌పేటల నేల కూడా అదే జాతి గ్రానైట్. ఇక్కడ నీరు రాతి పగుళ్లలో ఉంటుంది. ఒక పగులుకూ మరొక పగులుకూ సంబంధం లేకపోవచ్చు. అందువల్ల పక్కపక్క బోర్లలోనే నీటి గుణం మారిపోతుంది. పొరుగింటి బోరు పరీక్ష మనింటికి వర్తించదు.

మరిగిస్తే పోతుందా?

నీరు మరిగించి తాగితే ఏ భయం లేదన్నది ఇళ్లలో గట్టిగా నాటుకున్న నమ్మకం. మరిగిస్తే రోగక్రిములు చస్తాయి. కొంత సున్నం పడిపోతుంది. ఫ్లోరైడు మాత్రం ఆవిరి కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న పది లీటర్ల నీటిని తొమ్మిది లీటర్లు అయ్యేదాకా మరిగిస్తే ఆ మోతాదు సుమారు 1.67కు పెరుగుతుంది. గీజరు నీటితో వంట వండినా అంతే.

గార పట్టకుండా ఇంటి కప్పు మీద అమర్చుకునే సాఫ్ట్‌నర్ యంత్రం కాల్షియాన్ని పట్టి సోడియాన్ని వదులుతుంది. గీజరుకు అది మేలు చేస్తుంది. ఫ్లోరైడును అది ముట్టుకోదు. స్నానానికి వేసిన ఆ గొట్టం నుంచే తాగునీరూ పట్టుకుంటే, గీజరును కాపాడి పంటిని వదిలేసినట్లే. రివర్స్ ఆస్మోసిస్ యంత్రాలు, అల్యూమినా వడపోతలు ఫ్లోరైడును తగ్గిస్తాయి. వాటినీ గడువు ప్రకారం మారుస్తూ, నీటిని మళ్లీ పరీక్షిస్తేనే ఫలితం ఉంటుంది.

గోదావరి నుంచి గొట్టాల ద్వారా వచ్చే నదీజలం ఉన్న చోట తాగడానికి దాన్నే వాడటం మేలు. ఆ నీరు రాని రోజున బోరు వైపు తిరిగే కాలనీలు, కోళ్లఫారాలు, కూలీల నివాసాలు ఇంకా ఉన్నాయి. పరీక్ష ముందుగా జరగాల్సింది అక్కడే.

ఇవి గుర్తుంచుకోండి

* తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట గరిష్ఠ పరిమితి 1.5 మిల్లీగ్రాములు.

* మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు మంచిది. గత్యంతరం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు.

* చేతిలో ఇమిడే టీడీఎస్ మీటరు మొత్తం లవణాలను మాత్రమే అంచనా వేస్తుంది. ఫ్లోరైడును విడిగా చూపదు.

* బోరు నీటిని వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్షించుకోవడం మంచిది. బోరు లోతు పెంచినా, కొత్తది వేసినా మళ్లీ పరీక్ష అవసరం.

* ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లు మరింత జాగ్రత్త పడాలి. శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల రూపుదిద్దుకునే వయసు అదే. ఆ వయసులో పడిన మచ్చ తర్వాత దానంతట అది పోదు.

* గీజరు కడ్డీని, దాని పక్కనుండే మెగ్నీషియం కడ్డీని ఏడాదికోసారి విప్పించి చూడాలి. నీటి వేడిని 55, 60 డిగ్రీలకు మించనివ్వకపోతే గార తక్కువగా పడుతుంది.

రెక్యావిక్‌లో రెండు నీళ్లను కలపకపోవడం, పారిస్‌లో లోహం మార్చడం, మణుగూరులో నీటికీ యంత్రానికీ మధ్య గోడ కట్టడం... ఈ మూడింటికీ మూలం నీటిని ముందుగా పరీక్షించడమే. గొట్టాన్ని కాపాడుకోవడానికి వారు పాటించిన ఆ పద్ధతిని పిల్లల పళ్లను, ఎముకలను కాపాడుకోవడానికి మనం పాటించాలి. అందుకు కావలసింది బోరు దగ్గర నింపిన ఒక సీసా నీరు.